ఇద్దరూ ఒకేసారి మాట్లాడే తీగ



ఈసారి సియాసత్ లేదు, వక్ఫ్ గొడవా లేదు. తీగ గురించి రాస్తున్నాను. నెట్ డబ్బాలోంచి కంప్యూటర్‌కి పోయే నీలిరంగు తీగ మన ఇళ్లలో ఇప్పుడు మామూలే. దాని చివర ప్లాస్టిక్ క్లిప్పు, క్లిప్పు దూరే రంధ్రం పక్కన రెండు బుల్లి లైట్లు. ఆ లైట్ల వెనక చిప్పులో ఏం జరుగుతుందన్నదే ఇవాళ్టి మాట. భయపడకండి, మా అమ్మీకి చెప్పి, ఆమె "హౌ, సమఝ్ మే ఆయా" అన్నాకే రాయడానికి కూర్చున్నాను.

రాజమండ్రిలో మా మహల్లా మస్జిద్ పైన ఒక హాలుంది. పదహారు కంప్యూటర్లు. మన పిల్లలు, పక్క వీధుల హిందూ పిల్లలు కూడా, పోటీ పరీక్షలకు ప్రాక్టీసు టెస్టులు అక్కడే రాస్తారు. ఫైబర్ కింద వజూఖానా పక్క గదిలోకి వస్తుంది. అక్కడి డబ్బా నుంచి మేడ మీది స్విచ్ దాకా రాగి తీగ. వానలు మొదలైన దగ్గర్నుంచి ఆ తీగకి ఏదో జబ్బు పట్టింది. లైటు వెలుగుతుంది, నాలుగైదు సెకన్లకి ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. సగం టెస్టు రాశాక జవాబులు గాల్లో కలిసిపోతే పిల్లలు ఎంతకని సబర్ పడతారు? ఇద్దరు ఆడపిల్లలు మానేశారు. వాళ్లను పంపడానికి ఇంట్లో ఒప్పించడమే ఒక జంగ్, ఆ పైన ఇదొకటి. ఫైబర్ వాళ్లు వచ్చి మా వైపు అంతా ఠీక్ అని వెళ్లిపోయారు. ఒక షాపతను స్విచ్ పోయింది, కొత్తది కొనాలన్నాడు. కమిటీ సదర్ సాబ్ చందా డబ్బాలో ఎంతుందో లెక్క చూసుకున్నారు.

అప్పుడు మా భాంజాని పిలిపించాం. చెల్లి కొడుకు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి నాలుగేళ్లుగా ఆసుపత్రుల్లో, స్కూళ్లలో, రొయ్యల ఫ్యాక్టరీల్లో నెట్‌వర్క్ కేబులింగ్ చేస్తున్నాడు. భీమవరం నుంచి అమలాపురం దాకా వాడు ఎక్కని నిచ్చెన లేదు. కిందటి షాబాన్‌లో కాకినాడ నుంచి వాడికొక రిష్తా వచ్చింది. మాటలు బాగానే నడిచాయి. చివర్లో అటువైపు నుంచి కబురు, "లడ్కా వైరాఁ ఖీంచ్తా కతే నా?" అని. అంతే, చప్పుడు లేదు. వైర్లు లాగుతాడట! చెల్లి రెండు రోజులు అన్నం తినలేదు. ఈ పోస్టు రాయడానికి నా కడుపులో మంట కూడా ఒక కారణమే, దాచేదేముంది.

ఇక అసలు సంగతి. స్విచ్ చిప్పులో రెండు పనులున్నాయి. లోపలి భాగం ఏ కంప్యూటర్ ఏ రంధ్రంలో ఉందో గుర్తుపెట్టుకుని సమాచారాన్ని అటు పంపుతుంది. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే మనిషిలాగ. అక్కడంతా ఒకట్లు, సున్నాలు. హిసాబ్ శుభ్రంగా ఉంటుంది. కానీ బయట తీగ మీద ఒకట్లూ లేవు, సున్నాలూ లేవు. అక్కడున్నది వోల్టేజీ. దూరం పోయేకొద్దీ అది నీరసిస్తుంది, పక్కవాటి షోర్ అంటించుకుంటుంది. లోపలి లెక్కని బయటి కరెంటుగా, బయటి కరెంటుని మళ్లీ లెక్కగా మార్చే తర్జుమాన్ ఒకడు గడప మీద కూర్చుని ఉంటాడు. దాన్నే ఫిజికల్ లేయర్ అంటారు. నా స్కూలు ఉర్దూలో చెబితే తబయీ పరత్ అవుతుంది, నా డిగ్రీ తెలుగులో చెబితే భౌతిక స్తరం అవుతుంది. రెండూ మనుషులకి అర్థం కావు. భాంజా వాళ్లు ముద్దుగా "ఫై" అంటారు. మనమూ అదే అందాం. ప్రతి రంధ్రానికీ ఒక ఫై ఉంటుంది.

నీలి తొడుగు ఒలిస్తే లోపల ఎనిమిది సన్న తీగలు. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. ఒక్కో రంగుకీ తెల్లచారల జోడీ. జడ అల్లినట్టు ఏ జోడీకాజోడీ మెలితిరిగి ఉంటుంది. ఆ మెలిక సోకు కోసం కాదు. ఫై ఒక తీగ మీద ఎంత పైకి తోస్తే జోడీ తీగ మీద అంతే కిందికి తోస్తుంది. దారిలో మోటారో, ట్యూబులైటో చేసే గోల రెండింటి మీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి ఫై రెండింటి తేడా మాత్రమే చూస్తుంది కాబట్టి గోల కొట్టుకుపోయి మాట మిగులుతుంది. ఇంకో ముచ్చట, నాలుగు జోడీల మెలిక ఒకేలా ఉండదు. ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా. ఒకే లయలో తిరిగితే పక్కపక్క జోడీలు ఒకదాని మాట ఒకటి దొంగిలిస్తాయి. అందుకే క్లిప్పు బిగించేటప్పుడు 13 మిల్లీమీటర్లకి మించి మెలిక విప్పకూడదని నిబంధన. భాంజా ఒక్కో క్లిప్పు దగ్గర గోరు అడ్డం పెట్టి కొలుస్తాడు. చూసేవాళ్లకి అది వైర్లు లాగడం.

ఇప్పుడు గోదావరి మీదికి రండి. పాత హేవలాక్ వంతెన మీద ఒక్కటే లైను. కొవ్వూరు వైపు నుంచి బండి వస్తుంటే ఇటు బండి ఆగాల్సిందే. పాత ఈథర్నెట్ అలాంటిదే. అమెరికాలో జిరాక్స్ కంపెనీ ప్రయోగశాలలో 1973లో బాబ్ మెట్‌కాఫ్ దాన్ని ఊహించినప్పుడు, అందరికీ కలిపి ఒకే లావు కేబుల్. ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు వినాలి. ఇద్దరు ఒక్కసారి నోరు తెరిస్తే ఢీ. అప్పుడిద్దరూ ఆగి, తలా కాసేపు చూసి, మళ్లీ మొదలుపెట్టాలి. తర్వాత మన దగ్గర 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చింది. రెండు వంతెనలయ్యాయి, పోయేది ఒకదాని మీద, వచ్చేది ఇంకోదాని మీద. 1997లో హేవలాక్ రిటైరై దాని చోటు ఆర్చి వంతెన తీసుకుంది. 1995 నాటి 100 మెగాబిట్ ఈథర్నెట్ సరిగ్గా ఈ పద్ధతి. నారింజ జోడీ మీద పోవడం, ఆకుపచ్చ జోడీ మీద రావడం. నీలం, గోధుమ ఖాళీగా కూర్చుంటాయి. ఈ ఖాళీ సంగతి గుర్తుంచుకోండి, ముందు పని పడుతుంది.

1999లో గిగాబిట్ వచ్చింది. పదిరెట్లు వేగం, కానీ తీగ అదే, గోడల్లో అప్పటికే పాతేసిన మామూలు రాగి తీగ. ఇంజనీర్లు ఏం చేశారంటే, నాలుగు జోడీలనూ పనిలో పెట్టారు. అంతటితో ఆగకుండా ఒక్కో జోడీ మీద రెండు వైపుల నుంచీ ఒకేసారి మాట్లాడించారు. ఒకే పట్టాల మీద ఎదురెదురుగా రెండు రైళ్లు ఒకదానిలోంచి ఒకటి దూరిపోవడం! భాంజా ఇది చెప్పినప్పుడు "ఝూట్ మత్ బోల్" అన్నాను. "మామూ, రైలు ఢీకొంటుంది, కరెంటు కలుస్తుంది. కలిసినదాన్ని విడదీయొచ్చు" అన్నాడు.

ఎలా విడదీస్తారంటే, తీగ మీద ఒక క్షణంలో ఉన్న వోల్టేజీలో రెండు మాటలు కలిసి ఉంటాయి, నాది, అవతలివాడిది. నాదేమిటో నాకు తెలుసు, నేనేగా పలికింది. మొత్తంలోంచి నాది తీసేస్తే మిగిలేది అతనిది. వినడానికి ఇంతే. కానీ నా ఆవాజ్ నా నోటి దగ్గర గట్టిగా ఉంటుంది, అతనిది వంద మీటర్లు నడిచి అలసి వస్తుంది. కాట్ 5ఇ తీగ వంద మీటర్ల పొడవున 100 మెగాహెర్ట్జ్ దగ్గర 22 డెసిబెళ్ల దాకా నష్టపోవచ్చు. అంటే పంపిన వోల్టేజీలో సుమారు పన్నెండో వంతే చేరుతుంది. పైగా నా ఆవాజ్ తిన్నగా వెళ్లిపోదు. దారిలో ప్రతి క్లిప్పుకీ, తీగ నలిగిన ప్రతి మలుపుకీ తగిలి కొంత వెనక్కి వస్తుంది. మా ఉర్దూ మీడియం సైన్సు పుస్తకంలో దీనికి చక్కని మాట ఉండేది, బాజ్‌గష్త్. తెలుగులో ప్రతిధ్వని. ఏ మలుపు నుంచి ఎంత ఆలస్యంగా ఎంత బాజ్‌గష్త్ వస్తుందో ఫై నేర్చుకుంటుంది, నేర్చుకున్నది క్షణక్షణం తీసేస్తూ ఉంటుంది. పక్క మూడు జోడీల నుంచి కారే తన సొంత మాటల్ని కూడా అలాగే తీసేయాలి. ఒక్కో జోడీకి నాలుగు తీసివేతలు, నాలుగు జోడీలకి పదహారు. ఇదంతా సెకనుకి పన్నెండున్నర కోట్ల సార్లు. గోరంత చిప్పులో.

మా ఇంట్లో ఈద్ రోజు అందరూ ఒకేసారి మాట్లాడతారు, సగం ఉర్దూ, సగం తెలుగు. మా దాదీ బియ్యం ఏరుతూ ఎవరికి చెప్పాల్సిన జవాబు వాళ్లకి చెప్పేది. ఆమె బుర్రలో ఎన్ని తీసివేతలు నడిచేవో మరి.

ఈ నేర్చుకోవడానికి ఒక పద్ధతుంది, అది నాకు భలే నచ్చింది. లింకు మొదలయ్యే ముందు రెండు ఫైలలో ఒకటి ముందు నడిచేదిగా, ఒకటి వెనక నడిచేదిగా కుదురుతుంది. ఎక్కువ రంధ్రాలున్న పరికరానికి, అంటే స్విచ్‌కి, ముందు నిలబడే హక్కు ఎక్కువ. ఇద్దరూ సమానమైతే ఖురా వేసినట్టు యాదృచ్ఛిక సంఖ్య తీసి తేల్చుకుంటారు. తౌబా, పోలిక కోసమే అంటున్నాను, ఇమాం, ముక్తదీ అనుకోండి. మొదట ఇమాం ఒక్కడే పలుకుతాడు, ముక్తదీ ఖామోష్‌గా విని తాళం పట్టుకుంటాడు. తాళం దొరికాక తనూ గొంతు కలుపుతాడు, ఆ తాళానికే. ఇద్దరి గడియారాలూ వేర్వేరుగా కొట్టుకుంటే తీసివేతల హిసాబ్ నిలవదు. అందుకే ఆ అదబ్. పంపడానికి ఏమీ లేనప్పుడు కూడా గిగాబిట్ తీగ మీద మౌనం ఉండదు. అర్థంలేని సంకేతాలు అటూ ఇటూ నడుస్తూనే ఉంటాయి, తాళం తప్పకుండా. ఇద్దరూ తమ మాటల్ని వేర్వేరు సూత్రాలతో కలగాపులగం చేసి పంపుతారు, ఒకరి గొంతు ఒకరిదానిలా అనిపించకుండా.

పలికే అక్షరాలు ఐదు. సుమారుగా ఒక వోల్టు, అర, సున్నా, మైనస్ అర, మైనస్ ఒకటి. ఒక్కో అక్షరానికి 8 నానోసెకన్లు. ఆ కాసేపట్లో అది తీగ మీద మీటరున్నర పైచిలుకు నడుస్తుంది. అంటే వంద మీటర్ల తీగలో ఏ క్షణం చూసినా ఒక్కో జోడీ మీద అరవై దాకా అక్షరాలు బారులు తీరి పోతుంటాయి. నాలుగు జోడీలు కలిపి ఒక్కసారికి 625 రకాల కలయికలు. ఎనిమిది బిట్లు పంపడానికి 256 చాలు. మిగతావి వృథా కాదు. దేని తర్వాత ఏది రావచ్చో, ఏది రాకూడదో కట్టడి చేయడానికి ఆ ఖాళీ వాడుకుంటారు. ఒక అక్షరం మసకగా వినిపిస్తే ఫై అక్కడికక్కడ ఫైసలా చేయదు. ముందు వెనకలు చూసి ఏది సరిపోతుందో తేలుస్తుంది. తరావీహ్‌లో వెనక నిలబడ్డ హాఫిజ్ సాబ్‌కి ఒక మాట సరిగా వినపడకపోయినా ఏ ఆయత్‌లో ఉన్నామో తెలుస్తుంది చూడండి, ఆ తరహా.

మన హాలు సంగతికి వద్దాం. లైటు ఎందుకు వెలిగి ఆరుతోంది? తీగ గుచ్చగానే రెండు ఫైలూ మొదట సలాం చెప్పుకుంటాయి. 16 మిల్లీసెకన్లకోసారి చిన్న చిన్న దెబ్బల గుత్తి. గుత్తిలో 33 చోట్లు, 17 తాళానికి, 16 సమాచారానికి. "నాకు 10 వచ్చు, 100 వచ్చు, 1000 వచ్చు" అని ఇద్దరూ చెప్పుకుని, ఇద్దరికీ వచ్చినవాటిలో పెద్దదానికి ఖరారవుతారు. ఇందులో ఒక చిక్కుంది. ఈ సలాం నడిచేది నారింజ, ఆకుపచ్చ జోడీల మీదే. నీలం, గోధుమ తెగిపోయి ఉన్నా సలాం బ్రహ్మాండంగా జరిగిపోతుంది. 1000కి ఒప్పేసుకుంటారు. ఇమాం మొదలుపెడతాడు, ముక్తదీకి మూడు గొంతులే వినిపిస్తాయి. కుదరదు. లింకు పడిపోతుంది. మళ్లీ సలాం, మళ్లీ 1000కే ఒప్పందం, మళ్లీ పతనం. తెలివైన ఫై అయితే నాలుగైదు సార్లు చూసి, పోనీ 100తో సరిపెట్టుకుందాం అని దిగొస్తుంది. హాలులో ఉన్న పాత స్విచ్‌కి ఆ తమీజ్ లేదు. తెల్లవార్లూ సలాంలు చెప్పుకుంటూ కూర్చుంది బేచారా.

భాంజా వచ్చాక స్విచ్ ముట్టుకోలేదు. ఐదు నిమిషాలు లైటునే చూశాడు. తర్వాత లాప్‌టాప్ తెరిచి కింది డబ్బాలో వేగాన్ని 100కి బిగించాడు. లైటు వెలిగింది, నిలబడింది. బయటి నుంచి వచ్చే లైనే 100 కాబట్టి పిల్లలకి తేడా లేదు. అసర్ తర్వాత టెస్టు జరిగిపోయింది. అప్పుడు వాడు తన సంచిలోంచి ఇంకో చిన్న స్విచ్ తీశాడు, తీగని పరీక్షించే ఫై ఉన్నది. అది తీగలోకి ఒక దెబ్బ వేసి బాజ్‌గష్త్ ఎంతసేపటికి వస్తుందో కొలుస్తుంది. పోయి రావడానికి మీటరుకి సుమారు 10 నానోసెకన్లు. తెర మీద చూపించాడు. మూడు జోడీలు బాగున్నాయి, నాలుగోది 23 మీటర్ల దగ్గర తెగింది. టేపు పట్టుకుని గోడ వెంట కొలుచుకుంటూ వెళితే వజూఖానా పైకప్పు మీద చెక్కపెట్టెల సందు తగిలింది. ఎలుక. డెల్టాలో ఎలుక ముట్టని వస్తువుందా, వడ్లతో పాటు ఇంటర్నెట్టూ తింటుంది. గోధుమరంగు జోడీ తెగింది, మిగతావి గీరుకుపోయి వాన తడికి పచ్చబడ్డాయి.

కమిటీ ఎలక్ట్రీషియన్ జాయింటు వేసి టేపు చుట్టేద్దామన్నాడు. బల్బు తీగైతే అది చాలు. దీనికి చాలదు. ఈ తీగ పొడవునా 100 ఓములన్న లెక్కన తయారవుతుంది. మెలితిప్పి ముడేసిన చోట ఆ లెక్క తప్పుతుంది, తప్పిన చోట కొత్త బాజ్‌గష్త్ పుడుతుంది. భాంజా గొడవపడకుండా కొత్త తీగ లాగాడు, ఇనుప గొట్టంలోంచి. ఆ పని మగ్రిబ్ దాకా పట్టింది. మానేసిన ఇద్దరమ్మాయిల్లో ఒకరు మళ్లీ వస్తున్నారు. రెండోవాళ్లింట్లో ఇంకా మాట్లాడుతున్నాం.

పాత్రికేయుడిగా ఒక పాత సంగతి గుర్తొస్తోంది. కోనసీమలో సఖినేటిపల్లి మండలం మోరి గ్రామానికి 2016 డిసెంబరులో ప్రభుత్వ ఫైబర్ వచ్చింది, కరెంటు స్తంభాల మీదుగా. ఏడాదికి 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్రమంతటికీ దాన్ని ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే 15 మెగాబిట్లు అన్నది అప్పట్లో పెద్ద వార్త. పేపర్లలో అంతా గాజు తీగ మహిమే. ఇంట్లోకొచ్చిన డబ్బా నుంచి టేబుల్ దాకా ఉండే చివరి పది గజాల రాగి గురించి ఎవరూ రాయరు. ఫిర్యాదుల్లో ఎన్ని ఆ పది గజాల్లోనివో భాంజాలాంటి వాళ్లనడగాలి.

పిడుగుల గురించి కూడా ఒక మాట. మన వైపు పిడుగులు తక్కువేం కాదు. ప్రతి రంధ్రం వెనక, ఫైకీ తీగకీ మధ్య అగ్గిపెట్టెకన్నా చిన్న ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి. మాట అయస్కాంతంగా మారి దాటుతుంది, రాగి రాగిని తాకదు. 1500 వోల్టులు నిమిషం పాటు పెట్టినా ఆగాలని ప్రమాణం. దగ్గర్లో పిడుగు పడితే అదీ చాలకపోవచ్చు. అందుకే ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకి రాగి లాగొద్దు, ఫైబరే వేయించండి.

ఈ ఫై చిప్పుల్ని తయారుచేసే మైక్రోచిప్, మార్వెల్ కంపెనీలకి హైదరాబాదులో ఆఫీసులున్నాయి. అక్కడ చేసే కుర్రాడి రిష్తాకి ఎవరూ వంకలు పెట్టరు. పెట్టనక్కర్లేదు కూడా, అది గొప్ప ఇల్మ్. కానీ వాళ్లు గీసిన పదహారు తీసివేతలూ భాంజా గోరుతో కొలిచిన 13 మిల్లీమీటర్ల మీదే నిలబడాలి. ఇది నేను వాడి మామూని కాబట్టి అంటున్న మాట కాదు. కొంచెం అదీ ఉంది.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకి ఒక హెచ్చరిక. బజార్లో సగం ధరకి దొరికే తీగల్లో చాలావాటిలో ఉండేది రాగి పూత వేసిన అల్యూమినియం. అల్యూమినియం కరెంటుని రాగికన్నా ఒకటిన్నర రెట్లకు పైగా అడ్డుకుంటుంది, వంచితే పుటుక్కుమంటుంది. చాకుతో గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది. సీసీ కెమెరాలకి ఈ తీగలోంచే దాదాపు 48 వోల్టుల కరెంటు కూడా పంపుతారు. పగలు బాగానే నడుస్తాయి. చీకటి పడ్డాక కెమెరాలో చీకట్లో చూసే దీపాలు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి, తీగలోనే వోల్టేజీ పడిపోతుంది, కెమెరా ఆగి మళ్లీ మొదలవుతుంది. దొంగకి కావలసిన వేళకే ఆగుతుందన్నమాట.

మొన్న కాకినాడ నుంచి ఆ అమ్మాయి వాలిద్ ఫోన్ చేశారు. రిష్తా గురించి కాదు. వాళ్ల బట్టల షాపులో కెమెరాలు రాత్రిళ్లు ఆగిపోతున్నాయట, అబ్బాయికి వీలుంటే ఒకసారి పంపమన్నారు. చెల్లి పంపనంది. వాడు మాత్రం సంచీ సర్దుకుని పొద్దున్నే బస్సెక్కాడు. మధ్యాహ్నం నాకొక ఫోటో పంపాడు. చాకుతో గీరిన తీగ ముక్క, లోపల తెల్లగా.